మూడో మలుపు దగ్గర దించాను

ఇంకా రాలేదేం, ఇంత సేపా, మూడో మలుపు నుంచి ఈ కొండపైకి కిలోమీటరు కూడా ఉండదు, అయినా బండికి కిలోమీటరు, మోకాలికి ఎంతో, రంజాన్ ముందు వాకిట్లో జారిపడ్డప్పటి నుంచి నా భార్య ముబీనా మెట్టెక్కాలన్నా గోడ పట్టుకుంటుంది, అది నాకు తెలియదా, తెలిసే కదా నిర్మల్ ఘాట్ మీద మిట్టమధ్యాహ్నం ఎండలో దిగమన్నాను, జర దిగు ముబీనా, ఇద్దర్ని గుంజుతలేదు బండి, అని ఎంత బాగా అబద్ధమాడాను, పాపం బండి అలసిపోయినట్టు మొహం కూడా పెట్టాను, ఛీ, ఎంత సిగ్గులేనివాణ్ణి.

ఎందుకు గుంజదు, చార్జింగ్ ఆదా చేసే ఎకోలో పెట్టుకుని నడిపితే కరెంటు బండి ఏం గుంజుతుంది, బొటనవేలి కిందే బటన్ ఉంది, ఒక్కసారి నొక్కితే పవర్‌లోకి మారుతుంది, మా ఇద్దరితో పాటు బియ్యం బస్తాను కూడా ఎక్కిస్తుంది, కానీ చార్జింగ్ గడగడా దిగిపోతుంది, దిగిపోతే ఇప్పుడు మేం పోతున్న ఇచ్చోడలో బామ్మర్ది ఫయాజ్ ముందు నా ఇజ్జత్ ఏం కావాలి, మొన్న దావత్‌లో అందరూ వింటుండగా, దుల్హేభాయ్, గా సెల్లు బండి ఘాట్ ఎక్కుతదా, నూక్కుంట రావాల్నా, అని నవ్వాడు, నేనైనా నోరు మూసుకోవచ్చుగా, ఇచ్చోడ దాక వస్త, సగానికి పైన చార్జింగ్ మిగిలిచ్చి చూపిస్త, చూడు బిడ్డా, అన్నాను, ఆ ఒక్క మాట కోసం పెళ్లాన్ని కొండ ఎక్కిస్తున్నాను.

తిట్టినా బాగుండేది, గా సంచి గూడ నాకే ఇయ్యండ్రి జీ, బరువు తగ్గుతది, అని తనే భుజానికి తగిలించుకుంది, మెల్లగ పోండ్రి, బస్సులొస్తయి, అన్నది, వెనక సీటు ఖాళీ అయ్యేసరికి బండి చప్పుడు లేకుండా ఏటవాలు ఎక్కేసింది, టేకు చెట్ల నీడలో గాలి చల్లగా తగిలింది, బాగుంది, ఒక్క నిమిషం నిజంగా బాగుంది, అద్దంలో చూస్తే రోడ్డు అంచున ఒంగి నడుస్తూ ఉంది, మలుపు తిరిగాక అదీ కనబడలేదు, వెనక్కి పోయి ఎక్కించుకుందామా, పోతే మళ్లీ ఎక్కాలి, మళ్లీ చార్జింగ్, థూ, ఇంకా అదే లెక్క.

అదిగో, వచ్చింది, కుంటుతోంది, చెప్పేస్తాను, దగ్గరికి రాగానే తప్పు బండిది కాదని చెప్పేస్తాను, నీళ్ల సీసా అందిస్తూ నోరు తెరవబోయాను, ఆమె ఫోన్ మోగింది, ఫయాజే, ముబీనా రాయి మీద కూలబడి, దమ్ము అందక, వెంటనే ఎత్తకుండా రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, గొంతు సవరించుకుని అప్పుడు ఎత్తింది, ఆఁ ఫయాజ్, ఘాట్ ఎక్కినం, దిగుడా, ఎక్కడ దిగలే, బండి మీదనే కూసోని వచ్చిన, మస్తు ఎక్కింది, ఏందీ, చార్జింగా, సగానికి పైననే మిగుల్తది తియ్, మీ దుల్హేభాయ్ ఊకెనే అన్నరా, అని నవ్వింది, బండి వైపు, చార్జింగ్ అంకె వైపు ఆమె తల కూడా తిప్పలేదు, తిప్పాల్సిన పని లేదు, నేను దిగమన్నప్పుడే, ఎందుకు దిగమన్నానో ముబీనాకు తెలుసు.