దొరబాబు పథ్యం

నేను ఒక స్టీలు గిన్నెను. వెండి కంచాన్నని కోతలు కోయడం నాకు చేతకాదు. ఎక్కడో మర కింద రేకు పెట్టి ఒక్క నొక్కు నొక్కితే పుట్టాను. ఆ పూటే నాలాంటివి రెండు వందలు పుట్టాయి. తణుకులో పెచ్చెట్టి వారింట ఒక పెద్దావిడ పోతే, ఆవిడ దినకార్యంలో పంచడానికి మమ్మల్ని కొన్నారు. కొట్టువాడు నా పొట్ట మీద ‘కీ.శే. పెచ్చెట్టి సత్యవతి గారి జ్ఞాపకార్థం’ అని గీకించాడు. అబ్బ, ప్రాణం పోయిందనుకోండి! భోజనాలయ్యాక లడ్డూతో పాటు తలా ఒక గిన్నె చేతిలో పెట్టి పంపారు.

అలా సూరమ్మ ఇంటికొచ్చాను. ఆవిడ కొడుకు అబ్బులు ట్రాక్టర్ల మెకానిక్కు. కోడలు మంగతాయారు. ఒక పెద్దింటి వెనక వాటాలో అద్దెకుండేవారు. “పోయినోళ్ల పేరున్న గిన్నెలో పాలు తోడెడతామేంటే? ఎత్తి అవతల పెట్టు” అని సూరమ్మ నన్ను అటకెక్కించింది. రెండేళ్లు బల్లులతో కాపురం చేశాను. మనుషులకు పనికిరానని తేల్చాక నన్ను కుక్క కోసం దించారు.

ఆ కుక్క పేరు దొరబాబు. వానలో షెడ్డు ముందు వణుకుతున్న గోధుమరంగు పిల్లని అబ్బులు చొక్కాలో దాచి తెచ్చాడు. పెళ్లై తొమ్మిదేళ్లయినా ఉయ్యాల కట్టని ఇల్లు అది. ఇంకేం, వాడే కొడుకు, వాడే మనవడు. మంగతాయారు గరిటెతో నా అంచు మీద టంగుమని కొడితే చాలు, ఏ మూలనున్నా పరుగెత్తుకొచ్చేవాడు. పాలన్నం, పెరుగన్నం, ఆదివారం కోడిమాంసం. నన్ను నాకి నాకి అద్దంలా చేసేవాడు. నాకూ వాడంటే ప్రాణమే, దాచుకోవడమెందుకు?

రెండో ఏట వాడు పాదాలు నాక్కోవడం మొదలుపెట్టాడు. “చూడవే, ఎంత శుభ్రమో వీడికి” అని సూరమ్మ మురిసిపోయింది. నెల తిరిగేసరికి చెవులు గోక్కోవడం, పొట్ట కొరుక్కోవడం. ముందుకాలి మీద జుట్టూడి రూపాయి బిళ్లంత పుండు తేలింది. పసుపు రాశారు, వేపనూనె రాశారు. వాడు రాసిందల్లా నాకి కక్కేవాడు. ఒకటే చప్ చప్ మని చప్పుడు. గిన్నెని గనక సరిపోయింది, మనిషినైతే చెవులు మూసుకునేదాన్ని.

ముందు వాటాలో ఉండే ఇంటావిడ ఒకరోజు గుమ్మంలో నిలబడి తేల్చి చెప్పింది. “గజ్జికుక్కని పెట్టుకుంటే నేనూరుకోను అబ్బులూ. దసరాకి మా అమ్మాయి పసిపిల్లతో వస్తంది. ఈలోపు నయమైతే సరేసరి. లేదంటే అదైనా ఎల్లాలి, మీరైనా ఎల్లాలి.”

ముగ్గురూ వాణ్ణి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ తోలు గీకి చూసింది. గజ్జి కాదంది. పుండు మానడానికి మాత్రలిచ్చి, “తినేదేదో పడట్లేదనిపిస్తోంది. పాలో, కోడిమాంసమో. వీడు ఎప్పుడూ తిననిది పెట్టి చూడాలి. చేప అలవాటుందా?” అనడిగింది. ముల్లు గుచ్చుకుంటుందని మంగతాయారు ఎప్పుడూ చేప పెట్టలేదు. “అయితే ఉడకబెట్టిన చేప, చిలగడదుంప. ఎనిమిది వారాలు పథ్యం. ఇంకొక్క మెతుకు కూడా తగలకూడదు” అంది డాక్టరమ్మ. ఈ మాటలన్నీ మంగతాయారు ఇంటికొచ్చి, నన్ను తోముతూ ఇంటావిడకి అప్పజెబుతుంటే విన్నాను.

అబ్బులు క్యాలెండరు మీద రోజుకొక గీత కొట్టేవాడు. మంగతాయారు ముళ్లు ఒక్కొక్కటీ ఏరి పెట్టేది. అయిదో వారానికి పుండు ఎండింది, మీద సన్నగా జుట్టొచ్చింది. వాడు పగలంతా హాయిగా నిద్రపోయాడు. వినాయక చవితినాడు ఇంటావిడ కూడా “పర్లేదే, తేరుకున్నాడు” అంది.

కొంప మునిగింది ఆ సంతోషంలోనే. శనివారం సూరమ్మ గుడినుంచి దద్దోజనం తెచ్చి, తులసికోట చాటున నాలో రెండు ముద్దలు పెట్టింది. “ప్రసాదం తిండేంటి? దేవుడిది. దాంతో రోగాలు పోతాయిగానీ వస్తాయా” అని తనలో తనే అనుకుంది. మాత్ర మింగనని వాడు మొరాయిస్తుంటే, మంగతాయారు మీగడలో చుట్టి నాలో వేసింది. మందు కోసమేగా, దానికి లెక్కేమిటి? ఇక గీతలు కొట్టే అబ్బులు ఉన్నాడే, ఆదివారం కోడిమెడ ముక్క తెచ్చి బండి చాటున నాలోనే పెట్టాడు. “ఇదొక్కటేరా, మీ అమ్మకి చెప్పకు” అన్నాడు. వాడు చెప్పలేదు. ఆ తర్వాతి వారాల్లోనూ ఇదే తంతు. ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు నన్ను కడిగి బోర్లించేవారు. నేనూ చెప్పలేదు, చెప్పే దారి లేక.

మూడు వారాలు తిరిగేసరికి పుండు మళ్లీ పచ్చిదైంది. ఈసారి అరచేయంత. డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తారు. ఇంకేమైనా పెట్టారా అని ఆవిడ అడిగితే ముగ్గురూ లేదన్నారట. సూరమ్మ దేవుడి మీద ఒట్టు కూడా వేసిందట. తింటే దేవుడి ప్రసాదమే తిన్నాడాయె, ఆవిడ మనసుకు అబద్ధమనిపించలేదు. “అయితే తిండి వల్ల కాదన్నమాట. వేరే కారణం వెతకాలి, టైం పడుతుంది” అందట డాక్టరమ్మ. టైమే లేదు. దసరా నాలుగు రోజుల్లో ఉంది.

“హైవే పక్కన కోళ్ల కొట్లున్నాయి కదరా. అక్కడొదిలితే తిండికైనా లోటుండదు” అంది సూరమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని. అబ్బులు వాణ్ణి ఆటోలో ఎక్కించుకు వెళ్లాడు. ఖాళీ ఆటోలో తిరిగొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు.

రెండు వారాలు పోయాయి. శనివారం సూరమ్మ దద్దోజనంతో గుడినుంచి వచ్చి, అలవాటు కొద్దీ నన్ను పట్టుకుని తులసికోట చాటుకి వెళ్లింది. ముద్ద నాలో వేశాక గుర్తొచ్చింది వాడు లేడని. అక్కడే కూలబడి భోరుమంది. వెనకే మంగతాయారు.

“అత్తా, ఆడికి ఇది పెట్టేదానివా?”

“ప్రసాదమేగదే...”

మంగతాయారు ఆవిడ పక్కనే చతికిలబడింది. “నేను మీగడ పెట్టాను” అంది. గుమ్మంలో అబ్బులు తల దించుకుని నిలబడ్డాడు. “ఆదివారాలు నేను కోడిమెడ...” అన్నాడు. ముగ్గురూ నా వంక చూశారు. ఏం చూస్తారు? అన్నీ నాలోనే పెట్టారు కదా!

అప్పటికప్పుడు ఆటో కట్టించారు. చేప ఉడకబెట్టి పొట్లం కట్టారు. పిలవడానికి నన్నూ, గరిటెనూ తీసుకెళ్లారు. కోళ్ల కొట్ల ముందు మంగతాయారు టంగు టంగుమని కొట్టింది. ఊళ్లో కుక్కలన్నీ వచ్చాయి, వాడు తప్ప. ఆమె కొడుతూనే ఉంది. నా అంచు సొట్టపడింది.

కత్తి కడుక్కుంటున్న కొట్టతను బయటికొచ్చాడు. “గోధుమ రంగుదా? అయ్యో, మొన్న ఆ తూము కాడ పోయిందమ్మా. పగలూ రాత్రీ కాలు నాక్కుంటానే ఉండేది. ఎముక కనపడేదాకా నాకేసింది, పురుగులు పట్టేశాయి.” మంగతాయారు ఏడుపు చూసి, ఓదార్చాలనుకున్నాడు కాబోలు, “తిండికి మాత్రం లోటు చేయలేదమ్మా. రోజూ కడుపునిండా కోడి తోళ్లు, ముక్కలు నేనే ఏసేవోణ్ణి” అన్నాడు.

అబ్బులు అతనికి చేతులెత్తి దండం పెట్టాడు. ఇంకేం చేస్తాడు?

ఇప్పుడు నేను ఆ వాటా గుమ్మం బయట ఉంటున్నాను. పొద్దున్నే మంగతాయారు చేప ఉడకబెట్టి, ముళ్లేరి, చిలగడదుంపతో కలిపి నాలో పెడుతుంది. ఏ వీధికుక్కో వచ్చి తింటుంది, ఒక్కోరోజు చీమలు తింటాయి. సూరమ్మ గుడినుంచి వస్తూ ప్రసాదమున్న చేతిని కొంగులో దాచుకుని నన్ను దాటి వెళుతుంది. నా పొట్ట మీద పేరు మాత్రం ఇప్పటికీ ఎవరో సత్యవతి గారిదే. లోపల అబ్బులు క్యాలెండరు మీద రోజుకొక గీత కొడుతూనే ఉన్నాడు. నిన్నటితో ఎనిమిది వారాలు నిండాయి. పథ్యం ఈసారి ఒక్కరోజు కూడా తప్పలేదు.