ఎర్ర బండికి తాళం

నేను ఒక మందుల బండిని. నాలుగు చక్రాలు, ఐదు సొరుగులు, ఒంటినిండా ఎర్ర రంగు. జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీలో ప్రాణం మీదికి వచ్చినవాళ్లకు కావలసిన మందులన్నీ నా కడుపులోనే ఉండేవి. ముందే చెప్పేస్తున్నాను, నాకు మనుషుల మీద నమ్మకం లేదు. మీ మీద కూడా.

పుట్టింది బాలానగర్‌లో, ఒక రేకుల షెడ్డులో. నన్ను అతికినవాడు నా నెత్తిమీదే టీ గ్లాసు పెట్టుకుని తాగి, ఆ మరక తుడవకుండానే రంగు పూశాడు. మనుషుల పనితనం గురించి నా తొలి అభిప్రాయం అక్కడే ఏర్పడింది.

ఆసుపత్రికి వచ్చాక ఆ అభిప్రాయం మార్చుకునే అవకాశం ఎవరూ ఇవ్వలేదు. నా ప్లాస్టర్ ఎవరిదో టిఫిన్ బాక్సు మూతకు అంటుకుంది. కత్తెర పుట్టినరోజు కేకు కోయడానికి వెళ్లి తిరిగి రాలేదు. గొంతులో గొట్టం వేసేటప్పుడు వెలిగించే లైటులోంచి బ్యాటరీలు మాయమయ్యాయి. అడిగితే అందరూ పక్కవాళ్ల వైపు చూసేవాళ్లు. నా అనుమానమంతా నర్సు రాజమణి మీదే. ఆమె సొరుగు తీస్తే చప్పుడే రాదు. చప్పుడు చెయ్యనివాళ్లను నేను అసలు నమ్మను.

నాకు తోడు దొరికిన మనిషి హెడ్ సిస్టర్ శాంతకుమారి. ఒక రోజు నా సొరుగులన్నిటికీ అడ్డంగా ఇనప పట్టీ బిగించి, దానికి ఇత్తడి తాళం వేయించి, తాళంచెవి జేబులో వేసుకుంది.

"ఇగ ఎవలు ముట్టుకుంటరో చూస్త" అంది.

నాకు పండగే. ఆ వారమంతా ఒక్క దూదిపింజె కూడా పోలేదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మల్లేశాన్ని మోసుకొచ్చారు. తాటిచెట్టెక్కి కల్లు గీస్తుంటే తేనెటీగలు ముసిరాయట. మొహం వాచి కళ్లు పూడుకుపోయాయి. ఊపిరి ఈల వేస్తోంది.

"సారూ, జర జల్ది సూడుండ్రి! ఊపిరి అందుతలేదు!" అంటూ అతని భార్య సత్తెమ్మ డాక్టరు చెయ్యి పట్టుకుంది.

డ్యూటీ డాక్టరు శ్రీకర్‌కు ఒక్క చూపుతో అర్థమైంది. "అడ్రినలిన్ తీయండి, వెంటనే!" అన్నాడు. రాజమణి పరుగున వచ్చి, తాళం చూసి ఆగిపోయింది. తాళంచెవి పై అంతస్తులో మీటింగులో ఉన్న శాంతకుమారి జేబులో ఉంది. ఆ మీటింగు దేని గురించో తెలుసా? రోగుల భద్రత గురించి. శ్రద్ధగా వినాలని అందరి ఫోన్లూ ఆపించారు.

మందు నా రెండో సొరుగులో భద్రంగా ఉంది. ఎవరూ ముట్టుకోలేదు, నేను కోరుకున్నదీ అదే. అవతల మల్లేశం ఈల సన్నబడుతోంది. నాకు భయమేసింది. సిగ్గు కూడా వేసింది.

రాజమణి ఆక్సిజన్ సిలిండరు పానా అందుకుని నా మీద ఒక్కటి వేసింది. పట్టీ సొట్టపోయింది. ఇంకొకటి వేసేసరికి తాళం ఊడిపడింది. ఇన్నేళ్లలో ఆమె చేసిన మొదటి చప్పుడు అది. మందు తొడలోకి ఎక్కింది. కాసేపటికి ఈల ఆగి మామూలు ఊపిరి వచ్చింది. సత్తెమ్మ నేలమీద కూలబడి ఏడ్చింది.

శాంతకుమారి దిగొచ్చేసరికి పానా ఇంకా రాజమణి చేతిలోనే ఉంది.

"నేనే పలగ్గొట్టిన సిస్టర్. మెమో ఇస్తె ఇయ్యుండ్రి."

శాంతకుమారి ఊడిన తాళం చేతిలోకి తీసుకుంది. "నీకెందుకు మెమో? తాళమేసింది నేను. ఆ మనిషి పానం ఇంతసేపు నా జేబుల ఉన్నది."

అప్పుడు శ్రీకర్ గొంతు సవరించుకున్నాడు. "సిస్టర్, ఆ బ్యాటరీలు... డ్యూటీ రూం గడియారంలో వేసింది నేనే."

ఆయన మీద నాకు ఏనాడూ అనుమానం రాలేదు. నా తెలివి అంతటిది!

తాళం పోయి, వేలితో లాగితే తెగే ప్లాస్టిక్ సీలు వచ్చింది. ఎవరైనా తెరవచ్చు, కానీ తెరిచిన సంగతి అందరికీ కనిపిస్తుంది. తీసినవాళ్లు ఏం తీశారో పైకి చెప్పాలి, పక్కవాళ్లు విని తిరిగి అనాలి. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరు కలిసి నన్ను సర్దాలి. ఇది వారం కూడా నిలవదనుకున్నాను. నిలిచింది. అయినా రోజూ చెవులు రిక్కించే ఉండేవాణ్ని.

మొన్న నా చక్రం విరిగితే పాత సామాన్ల గదిలోకి తోశారు. వెళ్తూ వెళ్తూ కొత్త బండి వైపు చూశాను. సీలు ఉంది. నా గదికి మాత్రం తాళం వేశారు. నాలో ఇప్పుడు తుప్పు తప్ప ఏమీ లేదు, నాతో ఎవరికీ అవసరమూ పడదు. అయినా తాళం పడిన చప్పుడు వినగానే ఒక్కటే అడగాలనిపించింది.

తాళంచెవి ఎవరి దగ్గరుంది?