తెల్లగోడ మీద జెబ్బే

జెబ్బే రోట్లో కర్రపెండలం ఆకు దంచుతోంది. వరండాలో ఆమె భర్త లసానా, రాజధాని మన్రోవియాలోని కాలేజీ నుంచి వచ్చిన అతిథులకు ఉపన్యాసం దంచుతున్నాడు.

"రాత లేని జాతికి జ్ఞాపకం ఉండదు. మా వాయి జాతివాళ్లకు సొంత అక్షరాలున్నాయి. ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు."

అతను చూపిస్తున్న పటాల మీది అక్షరాలన్నీ జెబ్బే చేతివే. అతనికి చెయ్యి వణుకుతుంది. అందుకని పెళ్లైన కొత్తల్నుంచీ పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో అక్షరం చూపించి, పైకి పలుకుతూ ఆమె చేత రాయిస్తున్నాడు.

"మీ ఆవిడకు చదవడం వచ్చా?" అని ఒకాయన అడిగాడు.

"చేతికి నేర్పాను గానీ తలకు నేర్పలేదండీ. బొమ్మ చూసి బొమ్మ గీస్తుంది, అంతే."

అందరూ నవ్వారు. వినీ వినీ తనకు చదవడం ఎప్పుడో వచ్చేసిందని జెబ్బే చెప్పలేదు. చెబితే ఇంకో చాకిరీ నెత్తిన పడుతుంది.

ఆ పూట అన్నం ఆలస్యమైంది. అతిథులు తిని సముద్రం చూడ్డానికి అటు వెళ్లారో లేదో, లసానా రోకలి అందుకున్నాడు. ఆమె ఎడమ మణికట్టు బూరెలా వాచిపోయింది. అత్త బెందూ కట్టు కడుతూ, "వీధిలో చెప్పుకున్నావో, రెండో చెయ్యి కూడా మిగలదు," అంది.

జెబ్బే తిన్నగా ఊరి పెద్దల దగ్గరికే వెళ్లింది.

పెద్దమనిషి బోయిమా లసానాను పిలిపించి చీవాట్లు పెట్టాడు. ఇంకెప్పుడూ చెయ్యెత్తనని రాసిమ్మన్నాడు. ఊళ్లో వాయి రాత వచ్చినవాడు లసానా ఒక్కడే కాబట్టి రాసేదీ అతనే, చదివేదీ అతనే. వణికే చేత్తోనే వంకరటింకరగా రెండు ముక్కలు రాశాడు. "భార్యను కొట్టడం నా తప్పు. ఇక కొట్టను," అని వినయంగా చదివి, కాగితం ఆమె ముందుకు తోశాడు. "వేలిముద్ర వెయ్యి."

జెబ్బే కాగితం చూసింది. 'భార్య ఎదురు తిరిగింది. తప్పు ఒప్పుకుని నా కాళ్లు పట్టుకుంది.'

"పెద్దయ్యా, ఈయన చదివిందొకటి, రాసిందొకటి."

లసానా పకపకా నవ్వాడు. "మా ఇంట్లో ఎలకలు కూడా నా అక్షరాల మీద తిరుగుతాయి. అవీ చదివినట్టేనా?"

"రాసినవాడి కంటే నీకెక్కువ తెలుసా?" బోయిమా విసుక్కున్నాడు. "వేలు పెట్టి ఇంటికి పో తల్లీ."

ఆమె వేలు పెట్టలేదు. లేచి వచ్చేసింది.

దారిపొడుగునా ఒకటే మంట. జాతి జ్ఞాపకమట! కలం వాడిది, కాగితం వాడిది. ఈ చెయ్యి వాపు తగ్గాక, రేపు పుట్టబోయే మనవలకు మిగిలేది తను కాళ్లు పట్టుకున్న మాటే. తను కూడా ఇన్నాళ్లూ ఏం రాసింది? వాడి తాతల వీరత్వం, వాడి వంశం గొప్ప. ఇంత అందమైన అక్షరాలతో తన పేరు ఒక్కసారైనా రాసుకోలేదు.

తెల్లవారుతూనే పొయ్యిలోంచి బొగ్గు తీసుకుని వీధిగోడ దగ్గర నిలబడింది. అతిథుల కోసం కొత్తగా సున్నం కొట్టించిన గోడ అది.

సెలవు తీసుకోవడానికి వచ్చిన అతిథులు గోడ చూసి ఆగిపోయారు. "ఎంత బాగుందండీ! ఏమని రాసుంది?"

లసానా మొహం మాడిపోయింది. గోడకు అడ్డంగా నిలబడి, "ఏదో... పాత సామెతండీ," అన్నాడు.

"సామెత కాదు." జెబ్బే వాకిట్లోకి వచ్చింది. "పక్కకు జరగండి. అక్షరాలు కనబడటం లేదు."

అతను జరగలేదు. ఆమె అతని భుజం మీదుగా చెయ్యి చాపి, మొదటి అక్షరం మీద వేలు పెట్టి, వీధంతా వినబడేలా చదివింది:

"నా పేరు జెబ్బే. నా మొగుడు లసానా నన్ను రోకలితో కొట్టాడు. నేను ఎవరి కాళ్లూ పట్టుకోలేదు."