కొత్త కెప్టెన్

మల్లయ్య బస్సు అద్దం తుడిచి, తువ్వాలు దులిపి డ్రైవరు సీటు వీపున పరిచాడు. ఎర్ర అంచున్న తెల్ల తువ్వాలు. దాన్ని అలా పరిస్తే గానీ బస్సు తనదనిపించదు అతనికి. ఈ ఉదయం ట్రిప్పు తనది, సాయంత్రం రమేష్‌ది. రేపటినుంచి రెండూ రమేష్‌వే.

ఏటా చేసే కంటి పరీక్షలో ఈసారి మల్లయ్య ఎడమకన్ను మొరాయించింది. తన ఊరివాడైన రమేష్‌ని తనే తీసుకొచ్చి ట్రావెల్స్ వాళ్ల ముందు నిలబెట్టాడు. వాళ్లు మెలిక పెట్టారు. సాయంత్రం బస్సులో ఇళ్లకు వెళ్లే ఆఫీసువాళ్లకు నచ్చితేనే ఉద్యోగం. బస్సులో అందరి తరఫునా మాట చెప్పేది తేజస్విని. కడప అమ్మాయి. మనసు వెన్న, నోటికి మాత్రం మొహమాటం తెలియదు.

బాలానగర్‌లో బయలుదేరి, మూసాపేటలో ఆమెను ఎక్కించుకుని, పుప్పాలగూడ పక్కనున్న ఆఫీసు చేరేదాకా వాళ్లిద్దరి కబుర్లూ ఒక సీరియల్ గురించే. పేరు 'శూన్యపథం'. చుక్కల మధ్య తిరిగే నౌక, దానికో కెప్టెన్. ఆమె ఇంగ్లీషులో చూస్తుంది, అతను తెలుగు డబ్బింగులో. మొదటి కెప్టెన్ బట్టతలాయన, తర్వాత పొడుగాయన, ఆ తర్వాత గడ్డమాయన. నటుల పేర్లు మల్లయ్యకు పట్టవు. ముఖాలు మారినా తెలుగులో గొంతు ఒకటే ఉండేది, ఎవరో పెద్దమనిషిది, ఇంట్లో మనిషి మాట్లాడినట్టు. కళ్లు మూసుకుంటే కెప్టెన్ మారనే లేదు. ఈసారి వచ్చిన పొట్టాయనతో ఆ గొంతు కూడా పోయింది. ఆ వారం మల్లయ్యకు అన్నం సహించలేదు.

"చుట్టం పోయినట్టు జేస్తవేంది?" అని భార్య సాయమ్మ నవ్వింది.

అయినా చూడటం మానలేదు. మరుసటి వారం పొట్టాయన నౌకను తోకచుక్కల గుంపులోంచి నడిపాడు. చేతులు వణికాయి. బట్టతలాయనకు ఏనాడూ వణకలేదు. ఈయన వణుకుతూనే నడిపాడు, ఒక్క ప్రాణం పోనివ్వలేదు. మల్లయ్యకు ఆ మనిషి మీద గౌరవం పుట్టింది.

"కొత్తాయన్ను ఇంకా చూస్తాండావా మల్లయ్యన్నా?" అడిగింది తేజస్విని, ఈ ఉదయం ఎక్కి ముందు సీట్లో కూర్చుంటూ. "నేను మానేసినా. ఆ కుర్చీలో ఆయన్ను చూడబుద్ధి కాలే."

"మంచిగ జేస్తున్నడు బిడ్డా. పాతోళ్ల లెక్క జేస్తలేడు. గదే నాకు నచ్చింది."

"నీకు అందరూ నచ్చుతారులే," అందామె.

సాయంత్రం రమేష్ స్టీరింగు ముందు నిటారుగా కూర్చున్నాడు. తువ్వాలుకు వీపు ఆనించలేదు. ఒక డ్రైవరు తువ్వాలును ఇంకొకడు ముట్టడు, దాని మనిషే తీసుకోవాలి. మల్లయ్య తీయకుండానే వెళ్లి చిట్టచివరి సీట్లో కూర్చున్నాడు. సీరియల్‌లో దిగిపోయే ప్రతి కెప్టెనూ ఒక ప్రయాణం వెనక కూర్చుని చేస్తాడు, నోరు విప్పకుండా. ఆ పద్ధతి అతనికి చాలా ఇష్టం. తేజస్విని కూడా ముందు సీటు వదిలి అతని పక్కకు వచ్చింది.

గచ్చిబౌలి దగ్గర ఒక బైకు అడ్డం వచ్చింది. రమేష్ బ్రేకు తొక్కితే అందరూ ముందుకు తూలారు. కొందరు వెనక్కి తిరిగి మల్లయ్య ముఖం చూశారు. తను ఒక్కసారి పెదవి విరిస్తే రమేష్ ఉద్యోగం ఊడినట్టే. మల్లయ్య కిటికీలోంచి హోర్డింగులు చూశాడు. నోరైతే కట్టేసుకున్నాడు గానీ కుడికాలు మాట వినడం లేదు. ముందు ఏ బండి ఆగినా అది నేలను తొక్కుతోంది.

"కాలెందుకన్నా అట్ల తొక్కుతాండావు?"

"తిమ్మిరెక్కింది బిడ్డా."

"బ్రేకు కాలికే ఎక్కిందా తిమ్మిరి?"

మల్లయ్య బండిలో నిద్రపోయే మనిషి కాదు. ఊరికి వెళ్లేటప్పుడు కూడా ఆర్టీసీ డ్రైవరు వీపునే చూస్తూ కూర్చుంటాడు, బస్సును తనే మోస్తున్నట్టు. ఇప్పుడూ అలాగే చూస్తున్నాడు. రమేష్ భుజాలు బిగుసుకుని ఉన్నాయి. ఇరుకు మలుపులో నీళ్ల ట్యాంకరు ఎదురొచ్చింది. తనైతే హారన్ కొట్టి దూరేవాడు. రమేష్ ఆగాడు, ట్యాంకరును పోనిచ్చాడు, మెల్లగా కదిలాడు. తనలా కాదు, కానీ బాగుంది. లోపల చాలా ఏళ్లుగా బిగించి ఉన్నదేదో సడలినట్టయింది మల్లయ్యకు.

ఎవరో భుజం తట్టారు. కళ్లు తెరిస్తే బాలానగర్ షెడ్డు. బస్సు ఖాళీ. ఎదురుగా రమేష్.

"మస్తు నిద్రవోయినవ్ కాకా."

మల్లయ్య దిగ్గున లేచాడు. "తేజమ్మ ఏది? ఏమన్నది?"

"మూసాపేటల దిగింది. నిన్ను లేపొద్దన్నది. ఈయనే పండుకున్నడంటే ఇగ మాకేం ఫికర్ అని అందరికి జెప్పింది. రేపు జర జల్ది రమ్మన్నది నన్ను." రమేష్ తల గోక్కున్నాడు. "ఇంకోటి గూడ నీకు జెప్పమన్నది. పొట్టాయన్ను ఇయ్యాల్టి సంది చూస్తదంట. ఎవరు కాకా ఆ పొట్టాయన?"

మల్లయ్య నవ్వాడు. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీ అసొంటోడే రా."

అన్నం డబ్బా, కళ్లజోడు సంచిలో వేసుకున్నాడు. తువ్వాలు మీద చెయ్యి వేసి ముడత సరిచేశాడు.

"రేపటి సంది ఆనుకో. గట్ల కూసుంటే నడుము వట్టుకుంటది," అని మెట్లు దిగాడు.

గేటు దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. డ్రైవరు సీటు వీపున ఎర్ర అంచు తువ్వాలు, అతని వీపు ఒరిసి ఒరిసి నడుమ పలచబడినది, అలాగే ఉంది.