బెల్టు పెట్టుకున్న వయొలిన్

తొమ్మిదేళ్ల మైత్రి శనివారం మధ్యాహ్నం ఒకటిన్నరకు పెరుగన్నం డబ్బా పట్టుకుని తండ్రి ఎదుట నిలబడింది.

"నాన్నా, హేలీ ఫేర్‌వెల్ పార్టీకి వెళ్ళొచ్చా? ఇవాళే, త్రీ ఓ క్లాక్. మండే వాళ్ళు టెక్సస్ మూవ్ అయిపోతున్నారు."

శ్యామ్‌సుందర్ ఫ్రిజ్ తలుపు వంక చూశాడు. కూతురి వారమంతా అక్కడ రంగుల గళ్ళలో అతికించి ఉంది. ఈతకు నీలం, లెక్కలకు ఎరుపు, వయొలిన్‌కు పసుపు. స్నేహితులకు ఆదివారం సాయంత్రం నలభై నిమిషాల గులాబీ గడి. పోయిన నెల 'మైత్రి క్లాసులో కునుకుతోంది' అని స్కూల్ నుంచి ఈమెయిల్ వచ్చినప్పుడు అతడు ఆ సంగతి గురించి చాలా గంభీరంగా ఆలోచించి, రోజుకు ఇరవై నిమిషాల విశ్రాంతిని ఆకుపచ్చ రంగులో ప్రవేశపెట్టాడు. మరెక్కడా చోటు లేక దాన్ని కారు ప్రయాణంలో ఇరికించాడు. ఇక ఇవాళ మూడు గంటల గడిలో స్పెల్లింగ్ పోటీకి నమూనా పరీక్ష ఉంది.

"కార్‌లో మాట్లాడుకుందాం," అన్నాడు.

"కార్‌లో రెస్ట్ కదా?"

"రెస్ట్ తీసుకుంటూ విను."

"ముందు దాన్ని తిననివ్వండి," అంది వంటింట్లోంచి ఉష.

"కార్‌లో తింటుందిలే."

"తిండి కార్‌లో, నిద్ర కార్‌లో. ఇంక ఈ ఇల్లెందుకండీ మనకి?"

ఆ ప్రశ్న మంచిదే అనిపించింది కానీ, అప్పటికే వయొలిన్ క్లాసుకు మూడు నిమిషాలు ఆలస్యమైంది. వెళ్ళి వ్యాన్ ఎక్కి కూర్చున్నాడు. వెనక తలుపు తెరుచుకుంది, బెల్టు టక్కుమంది, తలుపు మూసుకుంది. అద్దంలో తల కనిపించలేదు. ఒరిగి పడుకుంది కాబోలు. ఆకుపచ్చ గడి అమలవుతున్నందుకు సంతోషించి, తమ ఊరు నేపర్‌విల్ నుంచి పక్కనున్న అరోరా దారి పట్టాడు.

"చూడమ్మా," అని మొదలుపెట్టాడు, మొదటి ఎర్రలైటు దగ్గర. "నువ్వు పార్టీకి వెళ్ళకపోతే హేలీ బాధపడుతుంది. ఒప్పుకుంటాను. కానీ స్నేహమంటే పక్కపక్కన కూర్చుని కేక్ తినడం కాదు. దూరంగా ఉన్నా అది ఉంటుంది. ఇప్పుడు మా గోపాల్ లేడూ, నా ప్రాణస్నేహితుడు? వాణ్ణి చూసి పన్నెండేళ్ళయింది. అయినా..."

అయినా ఏమిటో తోచలేదు. గోపాల్ ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాడో కూడా తనకు తెలియదు. లైటు పచ్చబడింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

"సరే, గోపాల్‌ని వదిలెయ్," అన్నాడు.

ఫోన్ మోగింది. డ్రైవ్ చేస్తూ ఫోన్ ఎత్తడు. మళ్ళీ మోగింది, మళ్ళీ ఎత్తలేదు. కూతురు ఎదురు చెప్పకపోయేసరికి ఆమె చెప్పవలసిన అభ్యంతరాలు కూడా తనే చెప్పి, వాటికి తనే సమాధానాలిచ్చాడు. ఇంత ఓపికగా వినేవాళ్ళు అతనికి ఇంట్లోనూ ఆఫీసులోనూ ఎన్నడూ దొరకలేదు.

"అందుకని పార్టీ వద్దు, సరేనా?"

నిశ్శబ్దం.

"థాంక్స్ బంగారం. నువ్వు అర్థం చేసుకుంటావని నాకు తెలుసు."

వయొలిన్ టీచర్ సుమతి ఇంటి ముందు ఆగి, వెనక తలుపు తీశాడు. సీటులో వయొలిన్ పెట్టె బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉంది. పెట్టె పడిపోకుండా అలా బెల్టు పెట్టడం మైత్రికి నేర్పింది తనే.

"మైత్రి ఏదండీ?" అంది సుమతి గుమ్మంలోంచి.

శ్యామ్‌సుందర్ వంగి సీటు కింద కూడా చూశాడు. ఫోన్ మూడోసారి మోగింది.

"ఏమండీ," అంది ఉష, "క్లాస్‌కి ఎవర్ని తీసుకెళ్ళారు?"

మైత్రి వయొలిన్‌ను వ్యాన్‌లో పెట్టి, బూట్ల కోసం ఇంట్లోకి వచ్చిందట. మెట్ల మీద కూర్చుని ఒక బూటు వేసుకుందట. రెండోది చేతిలో ఉండగానే నిద్రపోయిందట.

సంగతి విని సుమతి నవ్వలేదు. "పాపం, లేపకండి. పోయిన వారం ఇక్కడ కూడా వాయిస్తూ వాయిస్తూ కునికింది. కాసేపు పడుకోబెట్టాను. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

"ఎందుకని?"

"చెప్తే మీరు దానికీ ఒక గడి వేస్తారట."

తిరుగు ప్రయాణంలో శ్యామ్‌సుందర్ మాటిమాటికీ అద్దంలోకి చూశాడు. వెనక సీటు అప్పుడూ ఇప్పుడూ ఒకే విధంగా నిశ్శబ్దంగా ఉంది. అయితే వెళ్ళేటప్పటి నిశ్శబ్దాన్ని అతడు అంగీకారమనుకున్నాడు. ఇన్నాళ్ళూ విన్నవాటిలో అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టబోయి, మానుకున్నాడు.

ఇంటికి చేరేసరికి రెండున్నర. మైత్రి ఇంకా మెట్ల మీదే ఉంది. ఒళ్ళో బూటు, మీద ఉష కప్పిన దుప్పటి. అతడు కింది మెట్టు మీద కూర్చున్నాడు. పనేమీ లేకుండా మనిషి ఎలా కూర్చోవాలో కాసేపు బోధపడలేదు.

పది నిమిషాల తర్వాత మైత్రి కళ్ళు తెరిచింది. "నాన్నా, లేట్ అయిందా?"

"క్లాస్ అయిపోయింది."

"ఓ నో. మరి కార్‌లో మాట్లాడదామన్నావ్?"

"మాట్లాడాను. నువ్వు లేవు."

"ఏం చెప్పావ్?"

అతడు చెప్పిన 'వద్దు' అరోరా దాకా వెళ్ళి, ఎవరి చెవినా పడకుండా తిరిగి వచ్చింది. దాన్ని ఇప్పుడు మళ్ళీ అనవలసిన అవసరం ఏముందో ఎంత వెతికినా కనబడలేదు.

"ఆ రెండో బూటు ఇలా ఇవ్వు," అని కూతురి కాలికి తొడిగాడు. "మూడింటికి హేలీ వాళ్ళింట్లో ఉండాలి."

"మరి స్పెల్లింగ్ టెస్ట్?"

"ఇవాళ లేదు."

"నాన్నకి జ్వరమేమైనా వచ్చిందా మమ్మీ?" అని మైత్రి వంటింటివైపు అరిచి, ఆయన మనసు మారేలోగా వ్యాన్‌లోకి పరుగెత్తింది.

శ్యామ్‌సుందర్ తాళం తిప్పబోయి ఆగాడు. అద్దాన్ని నమ్మకుండా పూర్తిగా వెనక్కి తిరిగి చూశాడు.

"బెల్టు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాం," అంది మైత్రి, పక్క సీట్లో కూర్చున్న వయొలిన్ భుజం తడుతూ.