ఇవ్వడానికొచ్చిన మనిషి

బుడమేరు వరద నీళ్ళు తీసి మూడు వారాలైంది. ఆదివారం పొద్దున్నే జ్ఞానేశ్వరి గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, నీలం నేత చీర, చేతిలో ఫోను. పేరు రావమ్మ అనీ, పెడన నుంచి తొలి బస్సుకి వచ్చాననీ చెప్పింది.

“సాయం కోసమా అమ్మా? ఆధార్ జిరాక్సు తెచ్చారా?” అంది జ్ఞానేశ్వరి.

జ్ఞానేశ్వరి నోటికి ముందు వచ్చే మాట అదే. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై, ఆ మర్నాడే కాలనీ సేవా బృందానికి పెద్దదిక్కయింది. ఎండల్లో మజ్జిగ, వానల్లో దుప్పట్లు, పరీక్షలప్పుడు అట్టలూ పెన్నులూ. నిజంగానే చేసేది, ఒళ్ళు దాచుకోకుండా చేసేది. చేసిన ప్రతి పనికీ ఒక ఫొటో మాత్రం ఉండాలి. ఫొటో లేకపోతే చందాలిచ్చినవాళ్ళు నమ్మరని ఆవిడ వాదన. కాదనలేం. కాకపోతే ప్రతి ఫొటోలోనూ మధ్యలో ఉండేది ఆవిడే. ఉన్నమాట చెప్పుకోవాలి కదా!

రావమ్మ లోపలికి రాలేదు. ఫోను ముందుకి చాచింది. “ఈ ఫొటో మీరు పెట్టిందేనాండీ? బ్యానరు మీద నెంబరుంటే ఫోన్ చేసి అడ్రసు కనుక్కున్నాను.”

సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర తీసిన ఫొటో అది. జ్ఞానేశ్వరి నవ్వుతూ పులిహోర పొట్లం అందిస్తోంది. అందుకుంటున్నాయన పంచె నడుం దాకా తడిసిపోయింది. మాసిన గడ్డం, భుజాన మూట. కింద ‘సర్వం కోల్పోయిన పెద్దాయనకు మా వంతు ఆసరా’ అని రాసి ఉంది. ఆ రాతలు రాసేదీ, ఫొటోలు తీసేదీ పక్కింటి అమ్మాయి సింధూరి.

“మాదేనమ్మా. మీవారా? అయ్యయ్యో, ఇల్లంతా మునిగిందా?”

“మా ఊళ్ళో చుక్క నీరు రాలేదండీ. ఈయన మా ఆయన కోటిలింగం. మాకు ఆరు మగ్గాలున్నాయి. ఆ మూటలో ఉన్నవి నలభై కొత్త తువ్వాళ్ళు. వరదలో ఉన్నోళ్ళు ఒళ్ళు తుడుచుకోడానికైనా ఉండాలి కదా అని తీసుకెళ్ళారు. ఇవ్వడానికొచ్చిన మనిషండీ ఆయన, పుచ్చుకోడానికి కాదు.”

జ్ఞానేశ్వరికి ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన నడుముల్లోతు నీళ్ళలో నుంచి ఒక ముసలామెని పట్టుకు నడిపించుకొచ్చి టేబుల్ దగ్గరికి వచ్చాడు. “అమ్మా, నేను...” అంటూ మూట దించబోయాడు. “మాట్లాడకండి బాబాయ్, అటు చూడండి” అంది తను. తనకంటే నాలుగేళ్ళు చిన్నవాడే, అయినా బాబాయే! “ఆంటీ, కళ్ళు మూశారు, ఇంకోసారి” అంది సింధూరి. మళ్ళీ బ్యానరు మడత పడిందంది. అలా మూడుసార్లు ఆ పొట్లం ఆయన చేతిలో పెట్టి, రెండుసార్లు వెనక్కి తీసుకుంది. చివరికి ఆయన పొట్లాన్ని ఆ ముసలామె చేతికిచ్చి, మూట టేబుల్ కింద పెట్టి వెళ్ళిపోయాడు కాబోలు. సాయంత్రం మూట విప్పి, ఎవరో మహానుభావుడిచ్చాడని మురిసిపోయి, ఆ తువ్వాళ్ళు పంచుతూ ఇంకో ఫొటో దిగారు.

“ఆ ఫొటో ఎటెటు తిరిగిందో, వన్‌టౌన్‌లో నూలు కొట్టు బసవపున్నయ్య గారి ఫోన్లోకొచ్చింది,” అంది రావమ్మ. “ఇరవయ్యేళ్ళ నుంచి మాట మీద అప్పుకి నూలిచ్చే మనిషండీ. పొట్లాల కోసం లైన్లో నిలబడే స్థితికొచ్చినోడికి బేళ్ళకి బేళ్ళు ఎట్టా ఇస్తానయ్యా అన్నారంట. నాలుగు మగ్గాలు ఆగిపోయాయి. ఇద్దరు నేతగాళ్ళు వేరేవాళ్ళ దగ్గరికెళ్ళిపోయారు. ఈ వారం నూలు రాకపోతే మిగతావాళ్ళూ ఉండరు. ఇక మా పని అయిపోయినట్టే.”

“మరి నిజం చెప్పుకోవచ్చు కదమ్మా?”

“చెప్పారండీ. నామోషీకి అబద్ధమాడుతున్నాడనుకున్నారు.”

జ్ఞానేశ్వరి గబగబా లోపలికెళ్ళి పర్సు తెచ్చింది. “ముందు ఇది ఉంచండమ్మా, ఇల్లు గడవాలి కదా...”

రావమ్మ ఆ పర్సు వంక చూసింది. “మీరింకా అదే అనుకుంటున్నారాండీ?” అంది.

జ్ఞానేశ్వరికి తల కొట్టేసినట్టయింది. పర్సు ఎక్కడ పెట్టాలో కూడా తెలియలేదు.

“రేపు ఆయన మళ్ళీ కొట్టుకెళ్తున్నారు. మీరొచ్చి ఒక్క మాట చెప్తే చాలు. నేనిక్కడికొచ్చినట్టు ఆయనకి తెలీదు,” అని రావమ్మ మంచినీళ్ళయినా ముట్టకుండా వెళ్ళిపోయింది.

జ్ఞానేశ్వరి సింధూరికి చెప్పి ఆ ఫొటో డిలీట్ చేయించేసింది గానీ, అప్పటికే అది ఎన్ని గ్రూపులకి పోయిందో ఎవరికి తెలుసు? ఆ రాత్రి జ్ఞానేశ్వరికి అన్నం సయించలేదు.

మర్నాడు పదకొండింటికి, తోపుడుబళ్ళ మధ్య దారి చేసుకుంటూ వన్‌టౌన్ సందులో ఆ కొట్టుకి చేరింది. కోటిలింగం చెప్పులు విప్పి గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాడు. బసవపున్నయ్య పరుపు మీద కూర్చుని మరో ఇద్దరు బేరగాళ్ళతో మాట్లాడుతున్నాడు. ఆవిణ్ణి చూస్తూనే చేతులు జోడించాడు. “మేడం గారా! మీ ఫొటోలు రోజూ చూస్తుంటామండీ. ధర్మాత్ములు!”

“ఈయన సంగతి మాట్లాడదామని వచ్చానండీ. ఆ రోజు ఈయన సాయం తీసుకోడానికి రాలేదు. తువ్వాళ్ళు ఇవ్వడానికొచ్చారు. పొరపాటు నాది.”

బసవపున్నయ్య బేరగాళ్ళ వైపు తిరిగాడు. “చూశారా! అదీ మంచితనమంటే. పేదోడి పరువు కాపాడ్డానికి తప్పు తన నెత్తినేసుకుంటున్నారు. మీ జాలిగుండెకి దండం మేడం. కానీ వ్యాపారం వ్యాపారమే కదండీ.”

కోటిలింగం తల దించుకున్నాడు.

జ్ఞానేశ్వరి ఇన్నాళ్ళూ కూడబెట్టుకున్న మంచిపేరు ఇవాళ తను చెప్పే నిజాన్ని అడ్డుకుంటోంది. ఆవిడ అలాగే నిలబడి ఉంటే ఈ మనిషి ఖాళీ చేతులతో పెడన బస్సెక్కుతాడు. ఆగిన మగ్గాలు ఇక ఆడవు. పోనీ అసలు సంగతి చెప్దామా అంటే, దేవుడా, ఎంత సిగ్గుచేటు!

చెప్పింది. ఆయన నోరు విప్పబోతే మాట్లాడొద్దన్నానని చెప్పింది. తన కళ్ళు మూతబడ్డాయని ఒకసారి, బ్యానరు కనబడలేదని ఒకసారి, నీళ్ళలో తడిసొచ్చిన మనిషి చేత మళ్ళీ మళ్ళీ పొట్లం పట్టించానని చెప్పింది. “ఆయన మొహం నేను చూడనేలేదండీ. ఫొటోలో నేనెలా పడతానా అని చూసుకుంటున్నాను. ఆయనిచ్చిన తువ్వాళ్ళు పంచి, ఆ పేరూ మేమే కొట్టేశాం.”

ఆవిడ అక్కడే ఫోను తీసి, రెండొందల యాభై మంది ఉన్న కాలనీ గ్రూపులో ఆ మాటలన్నీ మళ్ళీ చెప్పి, వాయిస్ మెసేజ్ పంపేసింది. నిమిషం తిరక్కుండా ఫోను టింగు టింగుమంటూ మోగడం మొదలుపెట్టింది. ఆవిడ చూసుకోలేదు.

ఒక బేరగాడు రెండోవాడి చెవిలో ఏదో అని కిసుక్కున నవ్వాడు. బసవపున్నయ్య నవ్వలేదు. మేడం గారనే పిలుపూ మళ్ళీ నోట రాలేదు. లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. “ఇరవయ్యేళ్ళుగా తెలిసిన మనిషివి, నీ మాట నమ్మలేకపోయాను. నాదే బుద్ధి తక్కువ. లోపలికి రండి కోటిలింగం గారూ, కూర్చోండి,” అని చెయ్యి పట్టుకు తీసుకొచ్చి పరుపు మీద కూర్చోబెట్టాడు. ఎన్ని బేళ్ళు కావాలో అడిగి, గోడౌన్‌కి కబురు పెట్టాడు.

జ్ఞానేశ్వరిని ఎవరూ కూర్చోమనలేదు. వచ్చిన పని అయింది, వెళ్ళిపోవచ్చు. అయినా అక్కడే నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, తుడుచుకుంటే ఆ బేరగాళ్ళు చూస్తారు.

కోటిలింగం పరుపు మీద ఒక పక్కకి జరిగాడు. “ఇంతమందిలో మిమ్మల్ని మీరంత మాట అనుకోవాల్సింది కాదమ్మా,” అన్నాడు మెల్లగా. “ఎండన పడొచ్చారు. ఇట్టా వచ్చి కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?”

వద్దండీ, ఫరవాలేదండీ అనడం జ్ఞానేశ్వరికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

ఆయన పక్కన కూర్చుని, “ఇవ్వండి,” అని చెయ్యి చాపింది.