తమ్మీ, ఇంటికి రా

బోధన్‌లో వడ్రంగి పని చేసే హనోకు 2008 ఎండాకాలంలో తమ్ముడి కోసం ఒక ఫోటో దిగాడు. ఇరవై రెండేళ్ల కింద చెరుకు కోతకు వచ్చిన మరాఠీ పిల్ల రాధాబాయిని చేసుకుంటానని తమ్ముడు ఏసుదానం అంటే, "చేసుకుంటె నా గడప తొక్కకు" అన్నది హనోకే. తమ్ముడు తొక్కలేదు. ఒక్క ఉత్తరం కూడా రాయలేదు.

"ఆర్కుట్ల పెడితె దేశమంత సూస్తది బాపూ," అంది నిజామాబాద్‌లో డిగ్రీ చదివే కూతురు విమల. తమ్ముడి ఫోటో ఇంట్లో లేదు. అందుకని హనోకే ఇంటి ముందు బల్ల మీద, పక్కన ఇంకో మనిషికి చోటు వదిలి కూర్చున్నాడు. విమల సెల్‌ఫోన్‌తో తీసింది. ఇంటర్నెట్ సెంటర్ రామ్‌దాస్ దాని మీద పెద్ద అక్షరాలతో "తమ్మీ, ఇంటికి రా" అని రాసి, కింద హనోకు ఇంటి ఫోన్ నంబరు వేసి పెట్టాడు.

పది రోజులు ఉలుకూ పలుకూ లేదు. తరవాత ఏదో హాస్టల్ పిల్లలు "తమ్మీ" చెరిపి "కరెంటూ, ఇంటికి రా" అని పెట్టారు. ఇంకెవరో "వానా" అన్నారు. పరీక్షల రోజుల్లో "హాల్‌టికెటూ" అయింది. ఒకడు ఖాళీ చోట్లో బర్రెను కూర్చోబెట్టాడు. మెయిళ్లలో, ఫోన్ల బ్లూటూతుల్లో అది ఊళ్లు దాటిపోయింది. మాటలు మారుతున్నా హనోకు మొహం, కింది నంబరు మాత్రం అలాగే ఉండిపోయాయి.

"కాకా, కరెంటొచ్చిందా?" అంటూ ఫోన్లు మొదలయ్యాయి.

విమల ఏడ్చింది. "తీసేపిస్త బాపూ. అందరు నిన్ను జూసి నవ్వుతుండ్రు."

"నవ్వనీ బిడ్డా. నవ్వెటోళ్లల్ల వాడొకడు ఉండడా?"

ఒకరోజు రామ్‌దాస్ ఎవరో మరాఠీలో రాసిన బొమ్మ చూపించాడు. "బోనస్సూ, ఇంటికి రా" అని ఉందట. ఫోటో మంజీర దాటి మహారాష్ట్రకు చేరిందన్నమాట. ఆ రోజు నుంచి వెక్కిరించే ఫోన్లను కూడా హనోకు వదల్లేదు. "ఏ ఊరు నాయనా మీది?" అని అందరినీ అడిగేవాడు.

వానలు పడ్డాక ఒక ఆదివారం ఫోన్ మోగింది. ఆడగొంతు.

"బావా, నేను రాధాబాయిని. నాందేడ్ నుంచి."

హనోకు లేచి నిలబడ్డాడు.

"పక్క దుకాణపోళ్లు నీ ఫోటో సూపిస్తె ఆయన అందరితోటి నవ్విండు. లోపలికొచ్చి అన్నం ముట్టలే. ఫోన్ చెయ్యనంటుండు. నన్ను గుడ చెయ్యద్దన్నడు."

"అమ్మా, ఆనాడు నిన్ను నేనన్న మాట..."

"నేను గా మాట మరిచిపోలే బావా," అంది ఆమె.

"వాని గొంతు ఒక్కసారి ఇనిపియ్యమ్మా," అన్నాడు హనోకు.

ఆమె ఫోన్ పట్టుకొని దుకాణమున్న ముందు గదిలోకి నడిచింది. కుట్టుమిషన్ చప్పుడు. ఎవరితోనో పాంటు పొడుగు గురించి మరాఠీలో గొడవ పడుతున్నాడు ఏసుదానం. గొంతు తమ బాపు గొంతులా బొంగురుపోయింది. తన ఊపిరి అటు వినబడుతుందేమోనని హనోకు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆ గిరాకీ మనిషి వెళ్లిపోయి, మళ్లీ మిషన్ తిరిగే దాకా విన్నాడు.

"వచ్చే ఐతారం మల్ల జేస్త," అని గుసగుసగా చెప్పి పెట్టేసింది రాధాబాయి.

తరవాతి ఆదివారం చర్చిలో చివరి పాట ఎత్తుకోకముందే హనోకు లేచి ఇంటికి నడిచాడు.